అనకూడని తలనొప్పి

సబిహాకి తలనొప్పి పట్టుకుని అప్పటికే చాలా రోజులైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలియకూడదని ఆవిడ పంతం. బంగాళాదుంపని పల్చటి బిళ్ళలుగా తరిగి, నుదుటి మీద పరిచి, పైన గుడ్డ బిగించి కట్టుకుంటే నొప్పి కాస్త సర్దుకుంటుంది. కానీ అలా కట్టుకుని తిరిగితే నిజిప్ ఊళ్ళో పసిపిల్లలు కూడా "తల నొప్పా పెద్దమ్మా?" అని అడుగుతారు. అందుకని ఆవిడ ఆ కట్టు మీద పూల రుమాలు చుట్టి, కనుబొమల దాకా కిందికి లాక్కుని, ఏమీ ఎరగనట్టు మేడ మీద మిరపకాయల పని చేస్తోంది.

ఏడాదికి సరిపడా మిరపముద్ద ఎండబెట్టుకునే కాలం అది. ఏ మేడ చూసినా ఎరుపే. సబిహా తమ్ముడి పెళ్ళాం ఫెరిదె గోలెంలో ముద్దకి ఉప్పు కలుపుతోంది. ఫెరిదె కూతురు గుల్పెరి దాన్ని పళ్ళేల్లో పరుస్తోంది. ఎండినదాన్ని తిరగేసే పని సబిహాది. వంగినప్పుడల్లా ఆవిడకి లోకం ఆరిపోతోంది. రెండు గుక్కల ఊపిరి పీల్చేంతసేపు అంతా చీకటి, మళ్ళీ వెలుగు. ఆవిడకి ఉన్నదే ఒక్క కన్ను. ఎడమకన్నుని ఎన్నడో బెహ్‌చెత్ జబ్బు తినేసింది. నోట్లో పుండ్లతో మొదలై, కళ్ళు, కీళ్ళు, రక్తనాళాలు, ఎక్కడ పడితే అక్కడ వాపు పుట్టించే పాడు జబ్బు అది. ముప్పయ్యేళ్ళుగా దానితో కాపురం చేస్తున్న మనిషికి, ఈ చీకటి ఎక్కడికి దారి తీస్తుందో వేరే ఒకరు చెప్పాలా? రెండో కన్ను కూడా పోతుందని ఆవిడకి తెలుసు. అయినా నోరు మెదపడం లేదు.

"అబ్బా, నా తల!" అంది గుల్పెరి, చెయ్యి నుదుటికి ఆనించుకుని.

ఫెరిదె చేస్తున్న పని అక్కడే పడేసి పరిగెత్తింది. "కూర్చో తల్లీ, నీడలో కూర్చో. ఎండ పడిందేమో. మాత్ర వేసుకున్నావా?"

ఇదీ వరస. రెండేళ్ళ కిందట గుల్పెరికి కూడా అదే జబ్బని తేలింది. ఆ ఇంటి రక్తంలోనే ఉందది, ఎవర్నని ఏం లాభం! అప్పటిదాకా ఆ ఇంట్లో జబ్బంటే సబిహాది. పత్యం సబిహాది, కిటికీ పక్క మంచం సబిహాది, వచ్చినవాళ్ళు ముందుగా పరామర్శించేది సబిహాని. గుల్పెరికి వచ్చాక అవన్నీ అటు తిరిగాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఒకే ఇంట్లో ఒకే జబ్బున్న ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం ఇముడుతారా?

"అది తలనొప్పి కాదులే, పని ఎగ్గొట్టే నొప్పి," అంది సబిహా పళ్ళెం మీంచి తలెత్తకుండానే. "మా రోజుల్లో తల నొప్పంటే గోడకేసి కొట్టుకునేవాళ్ళం. చెయ్యి అడ్డం పెట్టుకుని అమ్మని పిలిచేవాళ్ళం కాదు."

"నీ రోజుల గొప్ప వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి అత్తా. బెహ్‌చెత్‌కి నువ్వేమన్నా మహారాణివా?"

"మహారాణినే. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు."

"ఊరుకోండి ఇద్దరూ," అంది ఫెరిదె. ఆపైన గొంతులో ఇంత తేనె కలుపుకుని, "వదినా, ఆదివారం నిశ్చితార్థం అయ్యేదాకా మీరు పై గదిలో విశ్రాంతిగా ఉంటే బాగుంటుందేమో. జనం, గోల. మీకు పడదు కదా," అంది.

సబిహా అప్పుడు తలెత్తింది. "ఏమిటీ?"

"దాచడం ఎందుకమ్మా, చెప్పెయ్," అంది గుల్పెరి. "అత్తా, అబ్బాయివాళ్ళకి నా జబ్బు సంగతి తెలియదు. తెలిస్తే ఈ పెళ్ళి జరగదు. నువ్వేమో మనిషి కనపడగానే నోట్లో పుండ్ల దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా మొత్తం పురాణం విప్పుతావు. ఆఖర్న 'మా గుల్పెరికీ ఇదే' అని ముక్తాయిస్తావు. అందుకని నువ్వు అక్కడ ఉండకూడదు. అంతే."

"అంతేనా?" సబిహా మిరపముద్ద చేతులతోనే నడుముకి చెయ్యి ఆనించి లేచింది. "ఈ ఇంటికి పెద్దదాన్ని నేనే. వేళ్ళకి ఉంగరాలు తొడిగాక వాటిని కలిపి కట్టిన ఎర్ర రిబ్బను కత్తిరించేది కూడా నేనే. మొదటి వరసలో, ఈ ఒంటికన్నుతో, అందరికీ కనపడేలా కూర్చుంటాను. అడిగితే చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. ఏం పీకుతావో పీక్కో!"

ఆ విసురులో తల అటూ ఇటూ ఊగి రుమాలు జారింది. లోపలి కట్టు వదులై, నల్లబడిన బంగాళాదుంప బిళ్ళ ఒకటి టప్పున ఎర్రటి మిరపముద్దలో పడింది.

ఫెరిదె అటు తిరిగి ఉంది కాబట్టి చూడలేదు. గుల్పెరి చూసింది. రెండు వేళ్ళతో ఆ బిళ్ళని పైకి తీసి, ఇటూ అటూ తిప్పి చూసి, పిట్టగోడ మీంచి అవతలికి విసిరేసింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే సబిహాకి ఒళ్ళు మండించింది. దీని చేతికి చిక్కాను రా భగవంతుడా అనుకుంది.

*

తలనొప్పిని సబిహా ఎందుకు దాస్తోందో ఆవిడ వెళ్ళే ఆసుపత్రి వరండాలో ఎవర్నడిగినా చెబుతారు. ఆంతెప్ పెద్దాసుపత్రిలో బెహ్‌చెత్ వాళ్ళకి వేరే రోజు ఉంది, బుధవారం. ఏళ్ళ తరబడి అవే ముఖాలు, అవే బెంచీలు. కంటివాళ్ళు ఒకవైపు, కాళ్ళలో రక్తం గడ్డకట్టేవాళ్ళు ఒకవైపు. కొత్తగా వచ్చినవాళ్ళకి పాతవాళ్ళు చెప్పే మొదటి బుద్ధి ఒకటే. "లోపల ఏమన్నా చెప్పుకో. పుండ్లని చెప్పు, కీళ్ళని చెప్పు. తల నొప్పని మాత్రం అనకు. అన్నావా, ఇంటికి పోలేవు." ఎందుకంటే ఈ జబ్బువాళ్ళు తల అనగానే డాక్టర్ల ముఖాలు మారిపోతాయి. నూటికి తొంభైమందిది మామూలు తలనొప్పే, మిగతావాళ్ళది మెదడులో నిప్పు. ఏది ఏదో తేలేదాకా పడకేస్తారు. గుహలాంటి మిషన్లోకి తోస్తారు, వెన్నులో సూది పొడుస్తారు, మొహం రొట్టెలా పొంగే మందులెక్కిస్తారు.

ఆ బుద్ధిని అందరికంటే గట్టిగా నూరిపోసేది సబిహాయే. ఆవిడకి ఇరవైమూడేళ్ళప్పుడు పెళ్ళి కుదిరింది. అబ్బాయి రైల్వేలో పని. ముహూర్తం దగ్గర పడ్డాక తల నొప్పని డాక్టరుతో అంది. నిజంగానే నొప్పి మరి! ఆసుపత్రిలో వాళ్ళు పడకేసి, మందులెక్కించి, ఏమీ లేదని తేల్చి పంపేసరికి మొహం గుమ్మడికాయంత అయింది. చూడ్డానికొచ్చిన పెళ్ళివారు టీ కూడా పూర్తిగా తాగకుండా లేచిపోయారు. మర్నాడు ఉంగరం తిరిగొచ్చింది. ఒక్క మాట జారినందుకు ఒక్కగానొక్క పెళ్ళి పోయింది. ఆ మంట ఇవాళ్టికీ చల్లారలేదు.

ఇప్పుడు కూడా లెక్క అంతే. నోరు తెరిస్తే కన్ను దక్కుతుందేమో గానీ, ఆదివారం ఆసుపత్రి మంచం మీద గడుస్తుంది. గుల్పెరి కోరుకుంటున్నది సరిగ్గా అదే కదా! దాని ముచ్చట తీర్చడమా? చస్తే తీర్చదు. ఆదివారం దాటాక సోమవారం తనంతట తనే వచ్చి చెబుతుంది. అప్పటిదాకా ఈ కన్ను నిలబడితే చాలు.

బుధవారం తమ్ముడు నజ్మీ ఇద్దర్నీ బండిలో దింపిపోయాడు. దారి పొడుగునా అత్తాకోడళ్ళు చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఒకే ఇంటివాళ్ళని ఇద్దర్నీ కలిపి లోపలికి పిలవడం డాక్టర్ నెర్మిన్‌కి అలవాటు. సన్నగా, అలసటగా ఉండే మనిషి. పేషెంట్లు చెప్పేది సగమే నిజమని ఆవిడకి తెలుసు, మిగతా సగం వేళ్ళతో నొక్కి తెలుసుకుంటుంది.

"సబిహా గారూ, నోరు ఎలా ఉంది?"

"పర్లేదు."

"కీళ్ళు?"

"ఉన్నాయి."

"కన్ను?"

"బంగారంలా ఉంది."

"తలనొప్పి ఏమన్నా?"

"నాకా? నాకెందుకుంటుంది?" అంది సబిహా.

"అబద్ధం," అంది గుల్పెరి.

సబిహా తల తిప్పి మేనకోడల్ని చూసింది. ఆ చూపుకి పాలు విరిగిపోతాయి. గుల్పెరి మాత్రం డాక్టర్నే చూస్తూ, అప్పజెప్పిన పాఠంలా గడగడా చెప్పేసింది.

"రుమాలు కింద బంగాళాదుంపలు కట్టుకుంటోంది డాక్టరుగారూ. పొద్దున లేవగానే మరీ ఎక్కువలా ఉంది, గోడ పట్టుకుని కూర్చుంటోంది. వంగి లేస్తే చూపు ఆగిపోతోంది, చేతులతో తడుముకుంటోంది. నిన్న టీ గ్లాసులో కాకుండా పక్కన పోసింది, పోసి పిల్లి మీద అరిచింది. మా ఇంట్లో పిల్లి లేదు."

"ఓసి నీ నోట్లో మన్నుపడా!" సబిహా లేవబోయింది. "డాక్టరుగారూ, ఇది నా మీద కక్ష కట్టింది. దీని మాట నమ్మకండి. ఆదివారం దీని నిశ్చితార్థం, నేను ఉండకూడదని ఈ ఎత్తు ఎత్తింది!"

"కక్షే అనుకోండి," అంది డాక్టర్ నెర్మిన్, అప్పటికే చిన్న లైటు చేతిలోకి తీసుకుని. "నేను మాత్రం కన్ను చూస్తాను. కదలకండి."

ఆవిడ చాలాసేపు చూసింది. చూసి, ఇంకో డాక్టర్ని పిలిపించి అతనికి కూడా చూపించింది. వాళ్ళని చూస్తున్న సబిహాకి కోపం కాస్తా జారిపోయింది.

"కంటి వెనక నరం వాచిపోయింది," అంది డాక్టర్ చివరికి. "ఇవాళే చేరాలి. ఇంటికి వెళ్ళి బట్టలు తెచ్చుకోవడాలు లేవు. ఇప్పుడే."

చక్రాల కుర్చీ వచ్చింది. కూర్చోబెట్టి తోసుకుపోతుంటే గుమ్మం దగ్గర గుల్పెరి పక్కకి తప్పుకుని దారిచ్చింది. "ఆదివారం హాయిగా విశ్రాంతి తీసుకో అత్తా," అంది.

"నీ పెళ్ళి పెటాకులు కాను!" అంటూనే సబిహా వరండా మలుపు తిరిగింది. బెంచీల మీది పాత ముఖాలన్నీ జాలిగా చూశాయి. తల అన్నట్టుంది పాపం అని ఎవరో గొణిగారు.

*

మెదడులోంచి రక్తం కిందికి దిగే పెద్ద నాళంలో గడ్డ ఉంది. మిషన్ చెప్పింది అది. లోపల ఒత్తిడి పెరిగి కంటినరాన్ని నొక్కేస్తోందట. వెన్నులోంచి నీరు తీశారు, సెలైన్‌లో మందులెక్కించారు, కడుపులోకి ఇంజెక్షన్లు చేశారు. గురువారం సాయంత్రానికి తల మొదటిసారి తేలికపడింది. సబిహా గోడ వైపు తిరిగి పడుకుని, ఉన్న ఒక్క కన్నునీ మూస్తూ తెరుస్తూ పరీక్షించుకుంది. కిటికీ కనపడింది. కిటికీ అవతల తీగ మీద పావురం కనపడింది. వంగి చెప్పుల వైపు చూసింది. చెప్పులు కూడా కనపడ్డాయి.

"ఈ కన్ను ఉంటుందా?" అని అడిగింది డాక్టర్ రాగానే.

"ఉంటుంది. ఇంకో నాలుగు రోజులు ఆగి వచ్చి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు." డాక్టర్ నెర్మిన్ మంచం అంచున కూర్చుంది. "మీ మేనకోడలికి ఋణపడి ఉండాలి మీరు. ఎంత ప్రేమ లేకపోతే అంత గమనించి చూస్తుంది చెప్పండి!"

సబిహాకి నవ్వొచ్చింది. నవ్వితే తల దిమ్మెక్కింది, అయినా ఆపుకోలేకపోయింది. ప్రేమట! శత్రువు గమనించినట్టు ప్రేమించినవాళ్ళు గమనిస్తారా? కన్నకొడుకులా పెంచిన తమ్ముడు నజ్మీ ఎదురుగా కూర్చుని తిన్నాడు, వాడికి కనపడలేదు. తేనె పూసుకు తిరిగే ఫెరిదెకి కనపడలేదు. తనెప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చున్న పిల్లకి మాత్రం పిల్లి దగ్గర్నుంచి అన్నీ కనపడ్డాయి. సోమవారం వస్తానని తను వేసుకున్న లెక్క తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. సోమవారానికి అంతా అయిపోయి ఉండేది. ఆ దిక్కుమాలిన పిల్ల నోటి దురద వల్ల బతికింది ఈ కన్ను. అంతకంటే అవమానం ఇంకేముంది!

శుక్రవారం మధ్యాహ్నం ఆ దిక్కుమాలిన పిల్లే వచ్చింది. పెళ్ళికళ సంగతి దేవుడెరుగు, ముఖంలో నెత్తురుచుక్క లేదు. వార్డు తలుపు దగ్గరేసి, మంచం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది.

"వాళ్ళు వస్తున్నారు."

"ఎవరు?"

"అబ్బాయివాళ్ళమ్మ. బెద్రియె అత్తయ్యగారు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావని పక్కింటావిడ చెప్పేసిందట. ఇంటి పెద్దదిక్కు మంచంలో ఉంటే వేడుకేమిటి, ముందు ఆవిడ్ని చూడాలి, లేచాకే ఉంగరాలు అందట. ఆదివారం ఆగిపోయింది."

సబిహా మెల్లగా దిండు ఎత్తుగా పెట్టుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకి మనసు ఇంత చల్లబడింది! "ఆహా! రోగిని చూడకుండా పెళ్ళి చెయ్యరు మరి. మర్యాద తెలిసినవాళ్ళు. నువ్వు తవ్విన గోతిలో నువ్వే పడ్డావన్నమాట."

"వెక్కిరించుకో. కానీ విను. మెదడులో రక్తం గడ్డకట్టిందని చెప్పు, ఎవరికైనా కడుతుంది. బెహ్‌చెత్ అనే మాట ఎత్తకు. ఎత్తినా నా పేరు ఎత్తకు."

గుల్పెరి ముద్దముద్దగా మాట్లాడుతోంది. నాలుక ఒకవైపుకి ఒత్తి పెట్టి, పళ్ళకి తగలకుండా మాట్లాడుతోంది. సబిహా అది పట్టేసింది. నోరంతా పూసి ఉంటుంది, ఏడ్చి నిద్ర లేక ఉంటుంది. ఆ మాట్లాడే తీరు ఎవరికి తెలియకపోయినా తనకి తెలుసు.

"ఒక్కటి చెప్పు," అంది సబిహా. "ఆ రోజు డాక్టరుతో అన్నప్పుడు, నా మీద రవ్వంత జాలన్నా వేసిందా?"

"జాలా?" గుల్పెరి నిటారుగా నిలబడింది. "నువ్వు రాకూడదని చెప్పాను. మిరపముద్దలో బిళ్ళ పడ్డ రోజే నాకు తెలుసు నీకు బాగాలేదని. జాలే ఉంటే ఆ రోజే చెప్పేదాన్ని. అక్కరకొస్తుందని దాచుకున్నాను."

ఈ మాట చెంపదెబ్బలా తగిలింది. తగిలినా, సబిహాకి ఎందుకో ఊపిరి సులువైంది. ముప్పయ్యేళ్ళుగా అందరూ ఆవిడ ముందు జాలి ఒలకబోసి వెనక తలుపేసుకున్నవాళ్ళే. ఇది మొహం మీదే చెప్పింది.

"సరే. నీకు నేను కృతజ్ఞత చెప్పక్కర్లేదు."

"నాకొద్దు కూడా."

"అయితే నా నోరు నా ఇష్టం."

గుల్పెరి ఏదో అనబోయింది. అంతలో తలుపు తెరుచుకుంది.

*

బెద్రియె భారీ మనిషి. రాగానే గది నిండిపోయింది. "గండం గడిచిపోవాలి వదినగారూ, దేవుడు మీకు నూరేళ్ళివ్వాలి!" అంటూ సబిహా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. సంచిలోంచి పళ్ళరసం డబ్బాలు తీసి బల్ల మీద పేర్చింది. ఆనవాయితీ ప్రకారం నిమ్మవాసన అత్తరుసీసా తీసి సబిహా చేతుల్లో, గుల్పెరి చేతుల్లో, పక్కమంచం ముసలమ్మ చేతుల్లో కూడా ఒంపింది. అబ్బాయి షాపులో ఉండిపోయాడని, ఆదివారం పోతే ఇంకో ఆదివారం వస్తుందని, మనిషి ముఖ్యమని, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. మంచి మనిషిలాగే ఉంది. సబిహాకి అదే చిరాకెత్తించింది. చెడ్డదైతే చెప్పేయడం ఎంత సులువు!

"ఇదిగో, మరాష్‌లో మా తోటలోవి," అంటూ బెద్రియె సంచి అడుగునుంచి ఒక పొట్లం విప్పింది. దారానికి గుచ్చిన అక్రోటు పప్పుల్ని ద్రాక్షపాకంలో ముంచి ఆరబెట్టిన దండలు. గోధుమరంగులో నిగనిగలాడుతున్నాయి. "నా చేత్తో చేశాను. తినండి వదినగారూ, రక్తం పడుతుంది."

"నాకు పడవు," అంది సబిహా.

"అయ్యో! పోనీ మీరొద్దులెండి, మా కోడలికి ఇవంటే ప్రాణం. మా ఇంటికొచ్చినప్పుడల్లా పెడతాను, వద్దనకుండా తింటుంది. బంగారుతల్లి." బెద్రియె ఒక ముక్క తుంచి గుల్పెరి నోటి దగ్గర పెట్టింది. "ఆ, తెరు."

ఆ వరండాలో తల సంగతి తర్వాత, అందరూ చెప్పుకునే రెండో సంగతి ఇది. అక్రోటు తిన్నవాడి నోరు మర్నాటికి పచ్చిపుండు. పుండున్న నోట్లో అక్రోటు పెట్టుకోవడమంటే కోసినచోట కారం రుద్దుకోవడమే.

గుల్పెరి నోరు తెరిచింది. ముక్క అందుకుని నమిలింది. నవ్వింది కూడా. నవ్వుతూనే ఆ పిల్ల మెడనరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. మింగింది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు తిరిగాయి. "చాలా బాగుంది అత్తయ్యగారూ," అంది.

"చూశారా? కళ్ళల్లో నీళ్ళొచ్చాయి పిచ్చిపిల్లకి, అత్త ఆసుపత్రిలో ఉందని," అంది బెద్రియె. ఇంకో ముక్క తుంచింది, మొదటిదాని కంటే పెద్దది.

సబిహా చూస్తోంది. చూడాలనే చూస్తోంది, ఆనందిద్దామనే మొదలుపెట్టింది. తిను, ఇంకా తిను, అక్కరకొస్తుందని దాచుకున్నావుగా అనుకుంది. కానీ రెండో ముక్క ఆ పిల్ల నోటిలోకి పోతుంటే, పెదవుల లోపల తెల్లటి మచ్చ ఒకటి కనపడింది. ఆ మచ్చ మీద పాకం అంటుకుంది. ఆ పిల్ల అప్పుడు కూడా నవ్వుతోంది. ఈ నవ్వుతో ఇంకా ఎన్నేళ్ళు తింటుంది ఇది? పొద్దునా సాయంత్రం, పండక్కీ పబ్బానికీ, అత్తగారి చేతి ముద్ద, ముసిముసి నవ్వు, నోటి నిండా నెత్తురు! ఆవిడకి ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో ఆవిడకే తెలియదు.

"ఉమ్మెయ్!" అని అరిచింది.

బెద్రియె ఉలిక్కిపడింది. గుల్పెరి దవడ ఆగిపోయింది.

"ఉమ్మెయ్యవే బుద్ధిలేనిదానా! ఎవరికోసం మింగుతావే ఆ నిప్పుని? ఉమ్మెయ్!" సబిహా మంచం దిగబోతుంటే సెలైన్ గొట్టం లాగి స్టాండు ఊగింది. బల్ల మీది చిన్న గిన్నె అందుకుని గుల్పెరి గడ్డం కింద పెట్టింది. "ఊఁ!"

గుల్పెరి ఉమ్మేసింది. గిన్నెలో గోధుమరంగు ముక్కల మధ్య ఎర్రటి చారలు కనపడ్డాయి.

"ఏమిటిది?" అంది బెద్రియె. "ఏమైంది పిల్లకి?"

సబిహా గుల్పెరి వైపు చూసింది. గుల్పెరి తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దని. సబిహా చెప్పేసింది. "ఏమీ కొత్తగా అవలేదు వదినగారూ. నా జబ్బే దానికీ ఉంది. బెహ్‌చెత్. రెండేళ్ళయింది. అక్రోటు మాకు విషం. మీరు ప్రేమగా పెట్టారు, అది భయంతో తిన్నది. ఇంట్లోవాళ్ళు మీకు చెప్పలేదు. చెబితే మీరు లేచిపోతారని."

బెద్రియె చేతిలో దండలో మిగిలిన ముక్క ఉంది. దాన్ని చూసుకుంది, గిన్నె చూసింది, గుల్పెరిని చూసింది. మొహం మెల్లగా ఎర్రబడింది.

"ప్రతిసారీ తిన్నావు కదే," అంది. "నేను పెడుతుంటే ప్రతిసారీ. ప్రతిసారీ ఇలాగేనా?"

గుల్పెరి చేతివెనకతో పెదవి తుడుచుకుంది.

"నా చేత్తో నీకు పుండ్లు పెట్టించావు! నన్నేమనుకున్నావు? రాక్షసిననుకున్నావా?" గొంతు పెద్దదైంది. పక్కమంచం ముసలమ్మ లేచి కూర్చుంది. "జబ్బుంటే ఉంటుంది, ఎవరికి లేదు! దాచిపెట్టి నాచేత ఈ పని చేయిస్తావా? మీ ఇంటిల్లిపాదీ కలిసి నాతో నాటకమాడారా?" సంచి సర్దింది. అక్రోటు పొట్లం చుట్టి లోపల పడేసింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మా వాడికి నువ్వే చెప్పాలి. ఇవాళే, నీ నోటితో. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. వాడేమంటాడో నాకు తెలియదు. నేనేమంటానో కూడా నాకు తెలియదు."

చెప్పుల చప్పుడు వరండాలో దూరమైంది. పళ్ళరసం డబ్బాలు బల్ల మీద అలాగే ఉండిపోయాయి.

గుల్పెరి కుర్చీలో కూలబడింది. కాసేపు ఏడ్చింది. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని, సబిహా వైపు అసహ్యంగా చూసింది.

"కసి తీరిందా?"

"తీరింది," అంది సబిహా.

"నా బతుకు బుగ్గి చేశావు."

"చేశానేమో. నాకు తెలియదు. నీ కసి నా కన్ను నిలబెట్టింది. నా కసి నీకేం చేస్తుందో చూద్దాం."

"నువ్వంటే నాకు అసహ్యం అత్తా."

"నాకు నువ్వన్నా అంతే. ఇటు రా."

"ఎందుకు?"

"వెలుగు ఇటే ఉంది. రా."

గుల్పెరి రాలేదు. సబిహాయే సెలైన్ స్టాండు పట్టుకుని, మంచం అంచు దాకా జరిగి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. గుల్పెరి విదిలించుకోబోయి, ఓపిక లేక ఊరుకుంది.

"నోరు తెరు," అంది సబిహా. "ఎంత పూసిందో చూడనీ."

గుల్పెరి నోరు తెరిచింది. సబిహా దగ్గరగా వంగి, నాలుక కింద, బుగ్గల లోపల, ఒక్కొక్క పుండూ చూసింది. వంగినా చీకటి రాలేదు.